ఆరించుల తెర మీద జయకర్ మాస్టారు

నరసరావుపేటలో పుస్తకం అచ్చేయించేవాడు ఎవడైనా సరే, ప్రెస్సుకు పోయేముందు జయకర్ మాస్టారి గుమ్మం ఎక్కాల్సిందే. ఇరవై ఏళ్లుగా ఇదే రివాజు. పద్యాలైనా, మిరపసాగు సలహాలైనా, షుగరు వ్యాధికి ఇంటివైద్యమైనా ముందుమాట ఆయనదే. మూడు పేజీలు, అటూ ఇటూ ఒక పేరా. "ఏకబిగిన చదివాను" అన్నది మొదటి వాక్యం. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకొని నలభై నిమిషాలు మాట్లాడటం కూడా ఆయన వంతే. ఆ నలభై నిమిషాల్లో పుస్తకం పేరు పదిసార్లు వస్తుంది, రచయిత పేరు ఇరవైసార్లు వస్తుంది, పుస్తకంలో ఏముందో మాత్రం రాదు. ఒకసారి బైండింగువాడు పొరపాటున సగం ఖాళీ కాగితాలు కలిపి కుట్టిన పుస్తకం సభకు వచ్చింది. మాస్టారు దాన్నే పైకెత్తి చూపించి, ఇందులో ప్రతి పేజీ మనల్ని ఆలోచింపజేస్తుంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఎందుకిలా జరుగుతుందో నాకు తెలుసు. ఆయనతో పాటు రొంపిచెర్ల హైస్కూల్లో పంతొమ్మిదేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. రిటైరయ్యాక ఇద్దరం పేటలో ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాం. జయకర్ మాస్టారు పుస్తకాలు చదవడు, అట్టలు వేస్తాడు. పుస్తకం ఇంటికి రాగానే పాత క్యాలెండరు కాగితం తీసి, మూలలు మడిచి, ముడత లేకుండా అట్ట వేసి, తెల్ల చీటీ అతికించి, గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, నంబరు వేసి బీరువాలో పెడతాడు. అలాంటివి పన్నెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఒకసారి నాలుగు వందల మూడో నంబరు తీసి చూస్తే లోపల పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకొనే ఉన్నాయి. అదేమిటని అడిగితే, "పుస్తకానికి మర్యాద చేయటం తెలియాలి మాస్టారూ" అని దాన్ని నా చేతిలోంచి తీసుకొని మళ్లీ బీరువాలో పెట్టేశాడు.

మొదట్లో ఇలా ఉండేవాడు కాదట. ఆ మాట కూడా చెప్పకపోతే నాకు పాపం వస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నేను ఆ బళ్లోకి రాకముందు, శనివారం లైబ్రరీ పుస్తకాలు పిల్లలకు పంచి, సోమవారం ఒక్కొక్కణ్ణీ లేపి "ఎన్నో పేజీ రా?" అని అడిగేవాడట. ఐదో పేజీ అని తల దించుకున్నవాణ్ణి ఏమీ అనేవాడు కాదట. అంతా అయిపోయిందని బొంకినవాడికి మాత్రం ఆ రోజు మూడినట్టేనట. తర్వాత హెడ్‌మాస్టరయ్యాడు, ఆ తర్వాత వక్త అయ్యాడు. శాలువాలు మొదలయ్యాక చదవడానికి తీరిక ఎక్కడుంటుంది.

కిందటేడు పదో తరగతి 1985-86 బ్యాచివాళ్లు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నారు. శాలువాలు కప్పి కప్పి విసుగెత్తిందేమో, ఈసారి మాస్టారికి ఈ-రీడర్ ఇచ్చారు. చిన్న పలకంత యంత్రం. వేల పుస్తకాలు పడతాయి, కళ్లు మండవు, ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి అట్ట ఎట్టా వేస్తార్రా?" అని అడిగాడు.

ఆ సమ్మేళనానికి నాగూర్ వలి కూడా వచ్చాడు. నిజానికి అతను పదో తరగతి చదవలేదు. తొమ్మిదిలోనే బడి మాని, మోటార్ వైండింగ్ నేర్చుకొని, ఇప్పుడు పేటలో సొంత షాపు నడుపుతున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో కాలిపోయిన బోరు మోటార్లన్నీ అతని దగ్గరికే వస్తాయి. షాఫ్టు చేత్తో తిప్పి, ఆ మోటారు ఏ మాత్రం తిరిగిందో చెప్పగలడు. అటువంటివాడు యాభై నాలుగేళ్ల వయసులో, రాగి తీగ చుట్టే చేత్తోనే, నాలుగు నోటుపుస్తకాల నిండా తన జీవితం రాసుకున్నాడు. కూతురు ఉజ్మా దాన్ని టైపు చేసింది. నూట నలభై పేజీలు వచ్చింది. సమ్మేళనం అయిన మర్నాడే ఉజ్మా వచ్చి మాస్టారి ఈ-రీడర్‌లో ఆ పుస్తకం ఎక్కించింది. నా ఫోనుకు కూడా ఒక కాపీ పంపింది. వేల పుస్తకాలు పట్టే ఆ యంత్రంలో ఉన్నది ఆ ఒక్క పుస్తకమే.

"ముందుమాట తర్వాత సంగతి సార్," అన్నాడు వలి. "ముందు మీరు చదవాల. మీరు చదివిందాకా అచ్చుకియ్యొద్దని మా అమ్మ పట్టుబట్టింది."

"మీ అమ్మకు చదువొచ్చా రా?"

"రాదు సార్. అంతా నేనే చదివి వినిపించా. అందులో ఆమె సంగతి ఒకటుంది. అది మీరు చూసి, జనంలో పెట్టొచ్చో లేదో చెప్పాలంట. మీ నోటితో చెప్తేనే ఒప్పుకుంటదంట."

"వారంలో చెప్తాలే," అన్నాడు మాస్టారు.

ఆ వారం మూడు నెలలు సాగింది. చదవలేక కాదు, బొమ్మ కుదరక.

సంగతేమిటంటే, ఈ యంత్రం నిద్రపోయినప్పుడు తెర మీద ఏదో ఒక బొమ్మ కనబడుతుంది. కంపెనీవాళ్లు పెట్టి పంపింది పెన్సిళ్ల బొమ్మ. "ముప్పై ఏడేళ్లు పంతులుగా చేసినవాడి చేతిలో పెన్సిళ్లేంది మాస్టారూ. చూసినవాళ్లు ఎల్‌కేజీ అనుకుంటారు," అన్నాడు. సెట్టింగుల్లో వెతగ్గా, మనకు నచ్చిన బొమ్మ మనమే పెట్టుకోవచ్చని తేలింది. అట్ట వేయడానికి వీల్లేని పుస్తకానికి ఆయనకు అట్ట దొరికింది.

మొదట కోటప్పకొండ ఫోటో పెట్టాడు. ఫోటో అడ్డం, తెర నిలువు. తెర నిండా పెడితే కొండ రెండు పక్కలా తెగి నడుమ ఒక బండరాయి మిగిలింది. కొండ మొత్తం రావాలంటే పైనా కిందా తెల్ల పట్టీలు పడి, మధ్యలో పిసరంత కొండ కనిపించింది. తర్వాత సాగర్ డ్యామ్ పెట్టాడు. అది కొండకన్నా అడ్డం. ఆ తర్వాత కల్లంలో ఆరబోసిన మిరపకాయలు పెట్టాడు. ఆ తెరకు రంగుల్లేవు, ఉన్నదంతా నలుపు, తెలుపు, బూడిద. "ఇవేంది, ఎండు చేపలా?" అని ఆయన భార్య అడిగింది. మిరపకాయలు కూడా పోయాయి.

అప్పుడు బ్యాచి వాట్సాప్ గ్రూపులో అడిగాడు. పిల్లలకు మాస్టారి మీద ఉన్న భక్తి ఆ రోజు తెలిసింది. సాయంత్రానికి రెండు వందల బొమ్మలు వచ్చాయి. గులాబీలు, ట్రాక్టర్లు, దేవుళ్లు, మనవరాళ్లు. గులాబీల బొమ్మ తెర మీదికి రాగానే చుక్కలు చుక్కలుగా విడిపోయింది. పైగా దాని మీద శుభోదయం అని రాసి ఉండటంతో, యంత్రం దీపాలు పెట్టేవేళ కూడా శుభోదయం చెబుతూ కూర్చుంది. నూజెండ్లలో రాజకీయాలు నడిపే చెన్నకేశవులు తన పుట్టినరోజు ఫోటోనే పంపాడు. అతని మాట తీసేయలేక మాస్టారు రెండు రోజులు ఉంచాడు. ఆ రెండు రోజులూ యంత్రం నిద్రపోయినప్పుడల్లా చెన్నకేశవులు దండం పెడుతూ కనిపించాడు.

రోజూ పొద్దున్నే నేను పేపరు చూస్తుంటే మాస్టారు వచ్చి కూర్చొనేవాడు. "వెయ్యి డెబ్బై రెండు, పద్నాలుగు వందల నలభై ఎనిమిది," అనేవాడు. ఆ తెరలో అడ్డంగా అన్ని చుక్కలు, నిలువుగా అన్ని చుక్కలు ఉంటాయట. సరిగ్గా ఆ కొలతకు దొరికితేనే బొమ్మ కుదురుతుందట. ఇంటర్నెట్టులో ఉన్నవన్నీ ఫోన్లకు కొలిచినవి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. లేదంటే కంప్యూటర్లకు కొలిచినవి, అడ్డంగా ఉంటాయి. "పుస్తకం చదివేవాళ్లను ఈ లోకం లెక్కలోకే తీసుకోవట్లేదు మాస్టారూ," అని చాలా బాధపడ్డాడు. నేను లోపల నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే ఆ రెండంకెలకు నిష్పత్తి కట్టి, మూడుకు నాలుగు కంటే ఓ వెంట్రుక పొడుగని చీటీ రాసిచ్చాను. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నెలన్నర గడిచాక వలి ఒకసారి వచ్చాడు. "ఎంతవరకొచ్చింది సార్?" అన్నాడు. "పని నడుస్తానే ఉంది రా," అన్నాడు మాస్టారు. అది అబద్ధమేమీ కాదు. ఆ రోజే మేమిద్దరం మక్బూల్ షాపుకు వెళ్లి వచ్చాం.

మక్బూల్ ఫ్లెక్సీలు వేస్తాడు. పేటలో పుట్టినరోజులూ పెళ్లిళ్లూ పదవులూ అతని చేతుల మీదుగానే గోడలెక్కుతాయి. ఏ నాయకుడి తల ఏ సైజులో ఉండాలో, ఎవరి పక్కన ఎవరిని పెడితే కొట్లాట అవుతుందో అతనికి కంఠతా వచ్చు.

"ఎన్నడుగులు సార్?" అన్నాడు మక్బూల్.

"అడుగులు కాదయ్యా, ఆరించులు."

మక్బూల్ చేతిలోని కొలతల టేపు బల్ల మీద పెట్టేశాడు. "ఆరించుల్లో ఎవరు కనపడతారు సార్?" అన్నాడు.

"నేను కనపడితే చాలు. ఆ మిషనొచ్చిన పెట్టె మీద ఆరించులనే రాసుంది."

ఫ్లెక్సీ పనిలో ఒకే అంకె చెబితే అది ఎత్తు. మక్బూల్ ఆరించుల ఎత్తు పెట్టి మాస్టారి ఫోటో తయారుచేశాడు. తీరా తెర మీద పెడితే తల లేదు. చొక్కా కాలరు నుంచి కిందికి మాత్రం చక్కగా వచ్చింది. పెట్టె మీద రాసిన ఆరించులు ఈ మూల నుంచి ఆ మూలకు కొలిచినవని నేను స్కేలు పెట్టి చూపించేదాకా ఇద్దరికీ తెలియలేదు. "మూలకు కొలిచేదేంది సార్, ఎవడన్నా గోడను మూలకు కొలుస్తాడా?" అని మక్బూల్ ఆ కంపెనీని తిట్టాడు. ఇరవై రెండేళ్లలో తన చేతిలో ఒక్క తల తెగలేదని, తెగి ఉంటే తాను పేటలో ఉండేవాణ్ణి కాదని చెప్పి, పంతం పట్టి మళ్లీ చేశాడు. ఈసారి తల వచ్చింది. దానితో పాటు, చేతి అలవాటు కొద్దీ, పైన వరసగా గుండ్రాల్లో నలుగురు నాయకుల ముఖాలు, కింద "శుభాకాంక్షలతో, మీ జయకర్" అన్న అక్షరాలు కూడా వచ్చాయి. అవి తీయించడానికి ఇంకో వారం పట్టింది. ఒక గుండ్రాన్ని తీయించడానికి మాస్టారికే మనసొప్పలేదు.

చివరికి మక్బూలే దారి చూపించాడు. "చదివే మిషను మీద చదివే మనిషి ఉండాల సార్. కుర్చీలో కూర్చోండి," అన్నాడు. మాస్టారు కళ్లద్దాలు సర్దుకొని, గడ్డం కింద వేలు ఆనించి కూర్చున్నాడు. షాపులో పుస్తకమన్నది లేదు కాబట్టి చేతికి పెళ్లికార్డుల శాంపిల్ ఆల్బమ్ ఇచ్చారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. వెయ్యి డెబ్బై రెండు, పద్నాలుగు వందల నలభై ఎనిమిది, ఒక్క చుక్క తేడా లేదు. ఆ నలుపు తెలుపులో మాస్టారు మహా పండితుడు. పెళ్లికార్డుల ఆల్బమ్ కూడా ఏదో పెద్ద గ్రంథమే.

ఒక్కటే చిక్కు. ఆ బొమ్మ యంత్రం నిద్రపోతేనే కనబడుతుంది. మీట నొక్కి పుస్తకంలోకి వెళితే పోతుంది. అంత కష్టపడి కుదుర్చుకున్న బొమ్మను పోగొట్టుకోవడం ఎందుకని మాస్టారు మీట జోలికే పోలేదు. ముందుగదిలో బల్ల మీద, వచ్చేవాళ్లకు ఎదురుగా నిలబెట్టాడు. ఆయన చదవనంతసేపూ తెర మీద ఆయన చదువుతూనే ఉండేవాడు. చార్జింగ్ కూడా కంపెనీ చెప్పిన దానికంటే ఎక్కువే వచ్చింది.

ఆ ఉత్సాహంలో ఒక పొద్దున వలిని పిలిపించి ముందుమాట రాసిచ్చేశాడు. నేను అక్కడే ఉన్నాను. పావుగంట పట్టింది. వలి ఆ మూడు కాగితాలనూ రెండు చేతులతో అందుకొని, "చదివారా సార్?" అన్నాడు.

"చదవకుండా ఎట్టా రాస్తార్రా?" అన్నాడు మాస్టారు.

వలి ముఖం వెలిగిపోయింది. అది చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

మూడో రోజు మధ్యాహ్నం వలి మళ్లీ వచ్చాడు. షాపు నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, చేతులకు వార్నిష్ అంటుకొనే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ రెండ్రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు సార్," అన్నాడు. "మీరు రాసింది చదివి వినిపించా. సారుకు ఇంకా కోపం పోలేదు అంటది. నలభై ఏళ్లు మనసులో పెట్టుకొని, ఇప్పుడు పదిమంది చదివే పుస్తకంలో ఎత్తిపొడిచాడు అంటది. అచ్చు వద్దు, ఏం వద్దు, చించి పొయ్యిలో పెట్టమంటది."

"ఏం రాశాన్రా నేను?" అన్నాడు మాస్టారు. నిజంగానే ఆయనకు గుర్తులేదు.

వలి జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఎన్ని కష్టాలొచ్చినా కొడుకును ఒక్కరోజు కూడా బడి మాన్పించక, కడుపు కట్టుకొని చదివించిన ఆ మాతృమూర్తికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను."

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. నాకు తెలిసే పదకొండు పుస్తకాల్లో ఉంది. షుగరు వ్యాధి పుస్తకంలో కూడా ఉంది.

"బాగానే ఉంది గదరా," అన్నాడు మాస్టారు.

"నన్ను బడి మాన్పించిందే మా అమ్మ గదా సార్. తొమ్మిదో తరగతిలో. మీరు మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, కొడుకు గొంతు కోస్తున్నావని ఆమెను తిట్టిపోయారు గదా. నేను రాసింది అదే సార్. మీరు చూసి చెప్పాలని ఆమె అడిగింది కూడా అదే."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. వలి బల్ల దగ్గరికి వెళ్లి ఆ యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తెర మీద మాస్టారు గడ్డం కింద వేలు ఆనించి తీరిగ్గా చదువుకుంటున్నాడు. వలి మీట నొక్కాడు. బొమ్మ పోయి, పుస్తకం పేరు, దాని కింద ఎంతవరకు చదివారో చెప్పే అంకె వచ్చాయి. సున్నా శాతం.

వలి గొంతు పెంచలేదు. తిరగని మోటార్లను అతను చాలా చూశాడు.

"ఎన్నో పేజీ సార్?" అన్నాడు.

జయకర్ మాస్టారిని నేను ఎన్నో సభల్లో చూశాను. మాట కోసం వెతుక్కోవడం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు తొమ్మిదో తరగతి పిల్లవాడు నిలబడ్డట్టు నిలబడి, చాలాసేపటికి, "మొదలుపెట్టలేదు రా," అన్నాడు.

నాకు లోపల సంతోషం కలిగిన మాట దాచను. ఇరవై ఏళ్లుగా ఆ ఘడియ కోసమే ఎదురుచూస్తున్నాను. వలి యంత్రాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి నా వైపు తిరిగాడు.

"మీరో లెక్కల సార్? మీకు కూడా పంపింది గదా ఉజ్మా."

ఫోను నా జేబులోనే ఉంది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఫైలు తెరవలేదు. ఆ మూడు నెలలూ జయకర్ మాస్టారు చదవట్లేదని చూసి నవ్వుకుంటూ గడిపాను. "నేనూ అంతే వలీ" అనడానికి నాకు మాస్టారి కంటే ఎక్కువసేపు పట్టింది. నా సర్వీసు మొత్తం మీద అంత సిగ్గుపడింది లేదు.

వలి ముందుమాట కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మేమిద్దరం ఆ సాయంత్రమే, ఆ గదిలోనే చదవడం మొదలుపెట్టాం. మాస్టారు తెర మీద, నేను ఫోనులో. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు.

ఆ సంగతి ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది. వలి తండ్రి చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లు కూలీ. కుడిచేయి మిషన్లో పడి నలిగిపోయింది. గుమ్మంలో మాస్టారు తిడుతున్నప్పుడు ఆయన లోపల మంచం మీద ఒళ్లు తెలియని జ్వరంతో ఉన్నాడు. వలి అమ్మ జైనాబ్ బీ తలుపుకు అడ్డంగా నిలబడి ఒక్క మాట తిరిగి అనలేదు. మర్నాడు కొడుకు చేయి పట్టుకొని వైండింగు షాపులో దించి వచ్చింది. మాస్టారు పోతూ పోతూ, వలి దగ్గరున్న లైబ్రరీ పుస్తకాన్ని వెనక్కి తీసుకోలేదు. "ఉంచుకో, సోమవారం వచ్చి ఎన్నో పేజీ అని అడుగుతా" అన్నాడు. ఆ సోమవారం కోసం వలి ఆ పుస్తకాన్ని తొమ్మిదిసార్లు చదివాడు. మాస్టారు రాలేదు.

ఆ పేజీ దగ్గర మాస్టారు ఆగిపోయాడు. ఆగి చాలాసేపు కావడంతో యంత్రం నిద్రపోయి, తెర మీదికి పెళ్లికార్డుల ఆల్బమ్‌తో ఆయన బొమ్మ వచ్చింది. దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి, దాన్ని తీసేసి, పెన్సిళ్లు పెట్టుకున్నాడు. అరనిమిషం కూడా పట్టలేదు.

ఆదివారానికి ఇద్దరివీ నూట నలభై పేజీలూ అయ్యాయి. సోమవారం పొద్దున వలి ఇంటికి వెళ్లాం. తలుపు తీసే ఉంది. జైనాబ్ బీ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. డెబ్బై ఐదేళ్ల మనిషి. మమ్మల్ని చూసి కొంగు తల మీదికి లాక్కుంది. వలి ఆమె వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

మాస్టారు గుమ్మంలోనే ఆగాడు. సభల్లో వినిపించే గొంతు కాదు, వేరే గొంతు వచ్చింది.

"నూట నలభై పేజీలూ అయినయ్యమ్మా. మొన్న నేను రాసింది చదవకుండా రాసింది. నిన్ను ఎత్తిపొడవాలని కాదు, నాకసలు గుర్తే లేదు. ఆ రోజు నేనన్న మాట తప్పు. లోపల ఏం జరుగుతుందో చూడకుండా, ఇట్టానే గుమ్మంలో నిలబడి అన్నా. నీ కొడుకు రాసింది అక్షరం తీయకుండా అచ్చేయించాల. నువ్వు ఒప్పుకోవాల."

జైనాబ్ బీ చేతిలోని కాయను పళ్లెంలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. మంచం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని ముందుకు జరిపింది.

"లోపలికొచ్చి కూర్చో సారూ," అంది. "అప్పుడు కూడా నిలబడే మాట్లాడి పోయావ్."